చెప్తే చేయనా?

శివరాత్రి జాతర అయిపోయి వారం తిరిగేసరికి మా మహానందికి ఒళ్ళు నొప్పులు మొదలవుతాయి. పందిళ్ళు విప్పిన చోట గుంజల గుంతలు అలాగే ఉంటాయి. నంద్యాల బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుతుంది. గాజుల అంగళ్ళవాళ్ళు మధ్యాహ్నం పూట కాళ్ళు బారజాపుకుని కూర్చుంటారు. మామూలు ఆదివారాల్లో ఊరి నిండా యాత్రికులు, వాళ్ళ కార్లు, కోనేట్లో మునిగి లేచే పిల్లల కేకలు. ఆ ఒక్క ఆదివారం మాత్రం ఊరంతటికీ ఎవరో సెలవు చీటీ రాసిచ్చినట్టు ఉంటుంది.

అలాంటి ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకు నిద్ర లేచాను. ఇంట్లో మంచివాణ్ణి అనిపించుకోవాలన్న కోరిక ఎందుకో పుట్టింది. వంటింటి గడప మీద నిలబడి మా ఆవిడను అడిగాను.

"ఈ పొద్దు ఏమేం పనులుండాయి? చెప్తే నేను చేయనా?"

ఆమె పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ, వెనక్కి తిరగకుండానే అంది.

"చెప్పేదీ పనే కదయ్యా."

నంద్యాల కాలేజీల్లో వ్యక్తిత్వ వికాసం మీద పదేళ్ళుగా తరగతులు చెప్తున్నవాణ్ణి నేను. రోజులోని గంటలను ఎలా పంచుకోవాలో బోర్డు మీద గడులు గీసి మరీ చూపిస్తాను. ఆ గడుల్లో వేటిలోనూ పట్టని మాట మా వంటింట్లో వినపడింది. ఈ అధ్యాయమంతా ఆ మూడు మాటల మీదే.

ఆ రాత్రి ఆమెకు ఒక నోటు పుస్తకం ఇచ్చి, "నీ తలకాయలో ఉండే పనులన్నీ రాయి" అన్నాను. మొదట నవ్వింది. తర్వాత రాయడం మొదలుపెట్టింది. పప్పుల డబ్బా అడుగంటింది. గ్యాసు బండ మార్చి ఇరవై రోజులైంది. పిల్లోడి తెల్ల చొక్కాకు గుండీ ఊడింది. అత్తకు బీపీ మాత్రలు నాలుగే మిగిలినాయి. కొత్త చింతపండు దిగింది, ఈ నెల దాటితే ధర పెరుగుతుంది. పక్కింటివాళ్ళ పెళ్ళికి చదివించాల. రెండు పేజీలు నిండాయి. ఆ రెండు పేజీల్లో నేను చేస్తున్న పనులు లేకపోలేదు. గ్యాసు బండ మోసేది నేనే, మాత్రలు తెచ్చేదీ నేనే. కానీ ఇరవై రోజులైందని గుర్తుంచుకున్నది నేను కాదు. నాలుగే మిగిలినాయని లెక్కపెట్టిందీ నేను కాదు. నేను ఆ ఇంట్లో మంచి కూలీని, అంతే. మేస్త్రీ ఆమె. ఆ మేస్త్రీకి వారానికి ఏడు రోజులూ డ్యూటీ.

దేశం మొత్తం మీద ఈ లెక్క ఎలా ఉందో జాతీయ గణాంక కార్యాలయం 2019లో తీసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, అంటే అయిదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. మగవాళ్ళు 97 నిమిషాలు. అది కూడా అసలు ఇంటిపనిలో చేయి పెట్టే మగవాళ్ళ సగటు, వాళ్ళు నూటికి పాతిక మందికి కాస్త పైన. అదే సర్వే 2024లో మళ్ళీ జరిగింది. ఆడవాళ్ళ లెక్క 289 నిమిషాలకు దిగింది. పది నిమిషాలు తగ్గాయి కదా అని సంతోషించేలోపే మగవాళ్ళది 88కి దిగిన సంగతి కళ్ళబడుతుంది. ఆ సర్వేలో రోజును అరగంట గడులుగా విడగొట్టి, ఏ గడిలో ఏం చేశారో అడిగి రాసుకుంటారు. పాలు కాస్తూ కాస్తూ మాత్రలు నాలుగే ఉన్నాయని గుర్తుచేసుకోవడాన్ని ఏ అరగంటలో రాస్తారు?

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి, కాస్త పక్కదారే అయినా. మనం సెలవంటూ కాళ్ళు చాపుకునే ఈ ఆదివారం ఊరికే రాలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో కార్మికులకు వారమంతా పనే ఉన్న రోజుల్లో నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన వాళ్ళను కూడగట్టి ఏళ్ళ తరబడి అడిగితే, 1890లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఆదివారమే ఎందుకంటే, అది ఖండోబా దేవుడి వారం అన్నాడాయన. ఖండోబా అంటే మనకు పరాయివాడు కాదు, మన మల్లన్నే. కొమురవెల్లిలో జాతర జరిగేదీ ఆదివారాలే. ఆ ఏడాది పదివేల మంది కార్మికులు కూడిన సభలో ఇద్దరు ఆడ కార్మికులు కూడా లేచి మాట్లాడారు. వాళ్ళకు మిల్లు నుంచి సెలవు దొరికింది. ఇంటికెళ్ళాక పొయ్యి దగ్గర దొరికిందా అన్నది చరిత్ర పుస్తకాల్లో ఎవరూ రాయలేదు.

సరే, మనం మన వంటింటికి వద్దాం.

ఆదివారం పనులు మీద పడి నలిపేస్తున్నాయని చాలామంది నాతో అంటారు. సోమవారం నుంచి శనివారం దాకా "ఆదివారం చూద్దాంలే" అనుకున్నవన్నీ ఆ రోజుకు వచ్చి కట్టకు కొట్టుకుంటాయి. గుడ్డలు, బోకులు, బూజు, బిల్లులు, ఇస్త్రీ, వారం సరిపడా కూరగాయలు. సాయంత్రానికి ఇల్లు మెరుస్తుంది, మనుషుల ముఖాలు మాడిపోయి ఉంటాయి.

మా ఊరి కోనేరు చూసినవాళ్ళకు ఈ తిప్పలు ఎందుకొస్తాయో ఇట్టే అర్థమవుతుంది. నల్లమల మీద పడిన వాన రాళ్ళ సందుల్లో ఇంకి, ఇక్కడ ఊటగా పైకి వస్తుంది. ఎండాకాలమైనా వానాకాలమైనా కోనేట్లో నీళ్ళు ఇంచుమించు అదే మట్టంలో ఉంటాయి. నాణెం వేస్తే అడుగున బొమ్మ పడిందో బొరుసు పడిందో కనిపిస్తుంది. అంతమంది మునిగే నీళ్ళు అంత తేటగా ఎలా ఉంటాయి? ఊట ఎంత వస్తే అంతా తూముల గుండా అప్పటికప్పుడు బయటికి పోతుంది. పోయిన నీళ్ళు ఊరి చుట్టూ అరటితోటలకు, వరిమళ్ళకు పారతాయి. ఆ నీటి కింద దాదాపు 2000 ఎకరాలు సాగవుతాయని చెప్పుకుంటారు. తూము మూసేసి ఆరు రోజులు నిలబెట్టి, ఏడో రోజు తెరిస్తే ఆ నీళ్ళ గతేమిటో ఊహించుకోండి. మన ఇళ్ళల్లో జరిగేది అదే.

కాబట్టి మా ఇంట్లో మొదట చేసిన పని ఆదివారం నుంచి పనులను బయటికి పంపడం. గుడ్డలు బుధవారం, శనివారం. బిల్లులు నెల మొదటి తారీఖు రాత్రి. కూరగాయలకు నేను శుక్రవారం నంద్యాల నుంచి వచ్చేటప్పుడు ఆగుతాను. బోకులు ఏ పూటవి ఆ పూటే. ఆదివారానికి రెండు రకాల పనులు మాత్రమే ఉంచాం. ఒకటి, తీరిగ్గా కూర్చుంటే తప్ప కానివి. రెండు, చేస్తుంటే నోరూరేవి. మూడో రకం ఏదైనా ఆ రోజు గడప తొక్కితే వారంలో ఇంకో రోజు చూసుకోమని చెప్పి పంపేస్తాం.

ఇది సులభం. ఏ పుస్తకంలోనైనా దొరికే సలహా. కష్టమైనది తర్వాతది.

పనిని ముక్కలుగా పంచుకోవద్దు. పూర్తిగా ఇచ్చేయండి. "కూరగాయలు తరిగిపెట్టు" అంటే అది ముక్క. తరిగేవాడికి ఏం కూరో తెలియదు, ఎన్ని తరగాలో తెలియదు, నిమిషానికోసారి "ఇంత చాలా?" అని అడుగుతుంటాడు. అడిగిన ప్రతిసారీ మేస్త్రీ డ్యూటీ ఎక్కాల్సిందే. దానికంటే ఆమె తరుక్కోవడమే నయం. పూర్తిగా ఇవ్వడమంటే, ఆ పనికి కావలసింది ఇంట్లో ఉందో లేదో చూసుకోవడం దగ్గర మొదలై, అయిపోయాక చోటు తుడవడం దగ్గర ముగియాలి. మధ్యలో ఇంకొకరి తలకాయ అద్దెకు తీసుకోకూడదు.

నేను తీసుకున్న మొదటి పని ఆదివారం పొద్దుటి ఉగ్గాణి. సీమలో పెరిగినవాడికి ఉగ్గాణి చేయడం రాకపోవడం సిగ్గుచేటే. బొరుగులు తడపాలి, పిండాలి, ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, కరివేపాకు తిరగమాతలో వేసి, పసుపు, టమాటా మగ్గించి, బొరుగులు కలిపి, పైన పప్పుల పొడి చల్లి నిమ్మకాయ పిండాలి. ఇన్నేళ్ళుగా తింటున్నాను, చూస్తున్నాను, ఇంతే కదా అనుకున్నాను.

మొదటి ఆదివారం బొరుగులను నీళ్ళలో వేసి ఫోను మాట్లాడటానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అవి బొరుగులు కావు, గోడకు కాగితం అతికించే జిగురు. రెండో ఆదివారం అన్నీ బాగా వచ్చాయి, చివర్లో చూస్తే పప్పుల పొడి లేదు. పప్పులే లేవు. శనివారం చూసుకోవాల్సింది నేను. ఆ రోజు ఇంటిల్లిపాదీ పొడి లేని ఉగ్గాణి తిన్నారు. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమె అనకపోవడమే నా చదువు. "నేను ముందే చెప్పి ఉండాల్సింది" అని ఆమె అని ఉంటే ఆ పని మళ్ళీ ఆమె తలకెక్కేది. మూడో వారానికి నేను శుక్రవారమే డబ్బాలు తెరిచి చూడటం మొదలుపెట్టాను. ఎవరూ చెప్పలేదు.

ఉప్పు డబ్బా గురించి మాత్రం ఒప్పుకోవాలి. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. అదే వంటిల్లు. "ఉప్పు యాడుంది?" అని ఆ మొదటి ఆదివారం మూడుసార్లు అడిగాను. మూడోసారి మా కూతురు నన్ను వింతగా చూసింది.

ఇక మా అమ్మ. పిల్లలకు జేజి. కొడుకు పొయ్యి దగ్గర నిలబడితే ఆమెకు ఊపిరాడలేదు. "ఏందిరా నాయనా, కోడలికి బాగలేదా?" అని మొదటి వారం అడిగింది. రెండో వారం బోకులు తోముతుంటే వచ్చి నా చేతిలోని పీచు లాక్కోబోయింది. ఆమెతో వాదించలేదు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషికి సర్వే లెక్కలు చూపించి ఏం లాభం? ఆమె మనసు మారిందని కూడా చెప్పలేను. ఇప్పటికీ చుట్టాలొస్తే నన్ను వంటింట్లోంచి బయటికి పిలుస్తుంది. కానీ ఉగ్గాణి మాత్రం రెండోసారి పెట్టించుకుంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళను ఒప్పించాకే మొదలుపెడదామని కూర్చోకండి.

రెండో పనిగా ఇల్లు తుడవడం తీసుకున్నాను. ఇక్కడ జరిగినదానికి ఆధారం ఇంకా మా నడవలో ఉంది.

మా వైపు ఇళ్ళల్లో నేలకు బేతంచెర్ల బండలు పరుస్తారు. నునుపుగా, వేసవిలో వెన్నుకు చల్లగా ఉంటాయి, చాపే అక్కర్లేదు. నడవలో ఒక నల్లబండ మీద నూనె మరక పట్టింది. కసువు ఊడ్చి, బండలు తుడిచాక కూడా అది పోలేదు. అమ్మ ఇత్తడి చెంబును చింతపండుతో రుద్ది తళతళలాడించడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి కదా. ఇంత చింతపండు నానబెట్టి, బండ మీద పోసి, పీచుతో గట్టిగా రుద్దాను. పది నిమిషాలు ఉంచి కడిగాను. నూనె మరక పోయింది. ఆరాక చూస్తే అరచేయంత తెల్లమచ్చ. నునుపు పోయి, వేలు పెడితే గరుగ్గా తగిలింది.

తర్వాత తెలిసింది ఏమిటంటే, మన కర్నూలు, కడప బండలు సున్నపురాయి జాతివి. కడప జిల్లాలోని నర్జి ఊరి పేరుతో నర్జి సున్నపురాయి అని భూగర్భ శాస్త్రంలో ఒక పొరే ఉంది. సున్నపురాయికి పులుపు పడదు. చింతపండు, నిమ్మరసం, వెనిగర్, బాత్రూం కడిగే యాసిడ్, ఏది పోసినా పైపొరను తినేస్తుంది. ఇత్తడి మీద ఆ పులుపే నల్లటి చిలుమును కరిగించి మెరుపు తెస్తుంది. చింతపండు ఇత్తడికి మందు, బండకు మన్ను. గోరువెచ్చటి నీళ్ళు, చిటికెడు సబ్బుపొడి, మెత్తటి గుడ్డ చాలు. మచ్చ పడ్డాక పాలిష్ మిషన్ పెట్టించాల్సిందే, ఇంకో దారి లేదు.

మా ఆవిడ ఆ మచ్చ చూసింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. ఆ నోరు మూసుకోవడానికి ఎంత కష్టపడిందో ఆమె మెడ నరాలు చెప్పాయి. పని పూర్తిగా ఇచ్చేవాళ్ళకు ఇదే అసలు పరీక్ష. తీసుకునేవాడి మొద్దుతనం గురించి ఎన్ని మాటలైనా చెప్పుకోవచ్చు, ఇచ్చేవాళ్ళ చేతిదురద గురించి ఎవరూ మాట్లాడరు. గుడ్డలు తను మడిచినట్టు మడవలేదని విప్పి మళ్ళీ మడిచే అమ్మలు, గిన్నెలు తను పెట్టే వరసలో లేవని మార్చి పెట్టే భార్యలు, కోడలు కలిపిన పిండిలో మళ్ళీ చేయి పెట్టే అత్తలు. వాళ్ళకు తెలియకుండానే పనిని వెనక్కి లాక్కుంటారు. ఒక్కసారి లాక్కుంటే చాలు, ఎదుటివాడు "నాకు రాదులే" అని హాయిగా పక్కకు తప్పుకుంటాడు. నిజం చెప్పాలంటే, మా మగవాళ్ళలో చాలామందిమి అదే కోరుకుంటాం కూడా. రెండు నెలలు వంకరగా మడిచిన గుడ్డలు కట్టుకుంటే ఎవరికీ ఏమీ కాదు.

ఇప్పుడు ఆదివారానికి ఉంచిన పనుల్లో ఒకటి దగ్గరగా చూపిస్తాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా ఇళ్ళల్లో చింతపండు కొట్టడం ఉంటుంది. ఏడాదికి సరిపడా ఒకేసారి చేసి దాచుకోవాలి. అంగట్లో గింజ తీసింది దొరుకుతుంది, ధర ఎక్కువ, పైగా పుల్లలు, ఇసుక. మేం పెచ్చు మీదున్న కాయ 10 కిలోలు కొంటాం. రెండు రోజులు ఎండబెడితే పెచ్చు చిట్లుతుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నడవలో గోనెసంచి పరిచి (బండ మీద నేరుగా పెట్టకూడదని ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు) చుట్టూ కూర్చుంటాం. అమ్మ ముందు గుండ్రాయి, చేతిలో చిన్న సుత్తి. కాయను పక్కకు తిప్పి ఒక్క దెబ్బ. గట్టిగా కొడితే గింజ పగులుతుంది, మెల్లగా కొడితే పెచ్చు ఊడదు. ఆ మధ్య దెబ్బ ఆమెకు తప్ప ఎవరికీ రాలేదు. పెచ్చు తీసింది మా ఆవిడకు వస్తుంది, ఆమె నార లాగుతుంది. నార సరిగా లాగితే కాయ పొడుగునా ఒకే పోగుగా వస్తుంది. నేనూ మా అమ్మాయీ గింజలు తీస్తాం. పిల్లోడు గింజలు ఏరి డబ్బాలో వేస్తాడు, సగం వామనగుంటలకు జేబులో వేసుకుంటాడు. పది కిలోల కాయలో పండు సగానికి కాస్త పైన వస్తుంది, మూడో వంతు గింజే. ఆ గింజ పొడిని బట్టల మిల్లుల్లో నూలుకు గంజి పెట్టడానికి వాడతారు. బట్టల మిల్లుకూ మా నడవకూ ఇలా ఒక చుట్టరికం కలిసింది. తీసిన పండుకు కల్లుప్పు కలిపి, ముద్దలు చేసి, జాడీలో అదిమి పెట్టాలి. గాలి తగలకుండా అదిమితే మళ్ళీ శివరాత్రి దాకా ఉంటుంది, రంగు మాత్రం నల్లబడుతుంది.

ఈ పనికి రెండు గంటలు పడుతుంది. ఫోను పట్టుకోవడానికి కుదరదు, చేతులు జిగట. ఒకరి ముఖం ఒకరు చూడాల్సిన పని లేదు, అందరి కళ్ళూ చేతుల మీదే. ఆ సంవత్సరం పదో తరగతి పరీక్షలకు చదువుతున్న మా అమ్మాయి, గింజ తీస్తూ తీస్తూ తలెత్తకుండా అంది.

"నాన్నా, నేను ఎంపీసీ తీసుకోను. బైపీసీ చదువుతా. ఆ పక్క అగ్రికల్చర్ కాలేజీలో చేరాలనుంది నాకు."

మహానందిలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ వ్యవసాయ కళాశాల ఉంది. బడికి పోయేటప్పుడు రోజూ ఆ గేటు దాటుతుందట. నాకు తెలియనే తెలియదు. అంతకు ముందు నాలుగుసార్లు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి "నీ లక్ష్యం ఏమిటి?" అని అడిగాను, కాలేజీ పిల్లలను అడిగినట్టే. "ఏం లేదు నాన్నా" అనేది. నేను జవాబు చెప్పేలోగా మా అమ్మ సుత్తి ఆపి, "చదవనీరా, మన మడికి మందు కొట్టేది అదే చెప్తుంది" అంది. ఆ మాటతో ఆ సంగతి తేలిపోయింది. పిల్లలతో మాట్లాడాలనుకునే తల్లిదండ్రులకు నేను తరగతుల్లో చెప్పిన చిట్కాలన్నీ ఆ రోజు నుంచి పక్కనపెట్టాను. బుడ్డలు ఒలవండి, చిక్కుడుకాయలు గిల్లండి, గుడ్డలు మడవండి, కలిసి కూర్చుని చేతులు ఆడించే పని ఏదైనా సరే. మాట దానంతటదే వస్తుంది.

ఆ మధ్యాహ్నం భోజనం మాట మరిచాను. ఆదివారం అనగానే సీమలో చాలా ఇళ్ళల్లో కోడికూర, సంగటి. గుడి ఊళ్ళో ఆ వాసన రానీయదు మా అమ్మ, కాబట్టి మాకు సంగటి, పుల్లగూర, బుడ్డల చట్నీ. సంగటి మా ఆవిడ పని, ఆమె ఇష్టపడి ఉంచుకున్నది. ఎలా చేస్తుందో చెప్తాను, ఎందుకంటే సంగటిలో గడ్డలు కట్టాయని బాధపడే ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి, వ్యక్తిత్వ వికాసం ఉత్తరాల కంటే కొంచెం ఎక్కువగానే.

ఒక గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి అయిదు గ్లాసుల నీళ్ళలో మెతుకు చితికేదాకా ఉడికించాలి. ఉప్పు వేసి, గ్లాసున్నర రాగిపిండిని మధ్యలో కుప్పగా పోయాలి. కలపకూడదు. తెడ్డుకట్టె వెనకవైపుతో కుప్పలో ఒక బొక్క చేస్తే అడుగు నుంచి ఆవిరి పైకి వస్తుంది. మూత పెట్టి సన్న మంట మీద పది నిమిషాలు వదిలేయాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే, ఆగలేక కట్టె పెట్టి తిప్పేస్తారు, పచ్చిపిండి ఉండకట్టేస్తుంది. పిండి ఆవిరిలో పూర్తిగా ఉడికాక దించి, గిన్నెను రెండు పాదాల మధ్య గుడ్డతో అదిమి పట్టి కలియబెట్టాలి. అప్పుడు బలం కావాలి, ఆ అయిదు నిమిషాలకు నన్ను పిలుస్తుంది. తడి చేత్తో ముద్ద చేస్తే వేలికి అంటకూడదు. అంటితే ఉడకలేదని అర్థం.

ఆదివారం మేం అరటాకులో తింటాం. మా ఊళ్ళో అరటాకుకు కరువు లేదు. తిన్నాక మడిచి ఎదురింటి ఆవుకు వేస్తే సరి, తోమాల్సిన కంచాలు లేవు. ఆ మిగిలిన పావుగంటే అమ్మకు మధ్యాహ్నం కునుకు.

మా పక్కింటాయనకు గుడి ముందర కొబ్బరికాయల అంగడి. ఆదివారం, సోమవారం ఆయనకు ఊపిరి సలపని బేరం. ఈ అధ్యాయం చదివి వినిపిస్తే నవ్వి, "మీ ఆదివారం మాకు మంగళవారం వస్తుంది సార్" అన్నాడు. ఆ ఇంట్లో మంగళవారం పొద్దున పదింటి దాకా తలుపు తీయరు. ఆయన చెప్పింది నిజమే. ఆసుపత్రి నర్సులు, బస్సు డ్రైవర్లు, హోటళ్ళవాళ్ళు, పాలవాళ్ళు, వీళ్ళెవరికీ క్యాలెండర్లో ఎర్ర అంకె అక్కరకు రాదు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 కూడా పనివాడికి వారానికి ఒక రోజు సెలవు ఉండాలంటుంది. మీ ఇంటికి కుదిరిన వారం పెట్టుకోండి. అది అందరికీ ఒకే రోజు అయితే మంచిది. కుదరకపోతే కనీసం ఒక పూట.

మొదటివారమే ఇంటి పనులన్నీ పంచేసి గోడకు పట్టిక అంటించకండి. మేం అంటించాం, పదిహేను రోజులకు దాని మీద పాల లెక్క రాసుకున్నాం. ఒకరు ఒకే పని తీసుకోవాలి, అది రెండు నెలలు నిలబడాలి. ఒంటరిగా ఉండేవాళ్ళు, హాస్టల్లో నలుగురు కలిసి ఉండేవాళ్ళు కూడా ఇదే చేయొచ్చు. ఒంట్లో బాగాలేనివాళ్ళకు, పరీక్షలున్న పిల్లలకు మినహాయింపు ఇవ్వండి, కానీ మినహాయింపు ఎప్పటిదాకానో కూడా అప్పుడే చెప్పుకోండి.

ఈ శనివారం సాయంత్రం మీ ఇంటి మేస్త్రీ దగ్గరికి వెళ్ళండి. "రేపు ఏం చేయమంటావ్?" అని అడగకండి. "ఈ పని ఇక నాది" అని ఒక్కటి చెప్పి, వెళ్ళి డబ్బాలు తెరిచి చూసుకోండి. ఉప్పు ఎక్కడుందో మాత్రం అడగొద్దు.